చూరు నుంచి కొప్పు దాకా.. గాలికి దారేది?
వాలు కప్పులో అద్దాలు, సీలింగు దీపాలు అమర్చేముందు తెలుసుకోవాల్సిన సంగతులు

అమలాపురం: పెంకుటింటికి కింద ఫాల్స్ సీలింగ్ వేయించారు. వెలుతురు కోసం కప్పులో అద్దం బిగించారు. సీలింగు పొడవునా దీపాలు అమర్చారు. ఇల్లు చూడముచ్చటగా తయారైంది. తీరా వేసవి వచ్చేసరికి ఆ గదిలో మధ్యాహ్నం పూట నిలవలేని పరిస్థితి. రాత్రి పది దాటినా సీలింగు నుంచి సెగ దిగుతూనే ఉంటుంది. వర్షాకాలంలో దీపాల చుట్టూ గోధుమరంగు మరకలు. రెండేళ్లు తిరక్కుండానే దీపాలు ఒక్కొక్కటిగా ఆరిపోవడం, వాసాలకు బూజు పట్టడం మొదలవుతుంది.

గోదావరి జిల్లాల్లో పాత పెంకుటిళ్లను బాగుచేయించుకునేవారు, డాబాపై పెంకులతోనో రేకులతోనో వాలు కప్పు గది వేయించుకునేవారు ఇటీవలి కాలంలో ఎక్కువగా ఎదుర్కొంటున్న సమస్య ఇది. లోపం పెంకుల్లోనో, అద్దంలోనో, దీపాల్లోనో ఉందని చాలామంది భావిస్తారు. వాస్తవానికి వీటన్నింటికీ మూలం ఒక్కటే. కప్పుకు, సీలింగుకు నడుమ ఉన్న గాలి కదిలే దారి మూసుకుపోవడమే ఆ మూలం. ఆ దారిని ఎలా ఉంచాలి, మధ్యలో అద్దం అడ్డొస్తే ఏం చేయాలి, దీపాలకు కన్నాలు పెట్టేటప్పుడు ఏ జాగ్రత్త తీసుకోవాలి అన్నది తెలుసుకుంటే ఖర్చూ, కష్టమూ తగ్గుతాయి.

పాత ఇల్లు ఊపిరి పీల్చేది

మంగళూరులో బాసెల్ మిషన్ 1865లో పెంకుల కర్మాగారాన్ని స్థాపించింది. అక్కడ రూపుదిద్దుకున్న పలక పెంకే తెలుగునాట బంగాళా పెంకుగా స్థిరపడింది. అంతకు ముందునుంచీ ఉన్నది గూన పెంకు. ఈ రెండింటికీ ఒక ఉమ్మడి గుణం ఉంది. ఒకదానిపై ఒకటి పరిచిన పెంకుల మధ్య సన్నని సందులు ఉంటాయి. వాన నీరు జారిపోతుంది గానీ వేడి గాలి ఆ సందుల గుండా పైకి వెళ్లిపోతుంది. కప్పు మొత్తం వేల సందులతో ఊపిరి పీలుస్తుందన్నమాట.

మండువా లోగిళ్లలో దీనికి తోడు మధ్యనున్న ఆకాశం కనిపించే ఖాళీ స్థలం పెద్ద గొట్టంలా పనిచేసేది. వసారాలోని చల్లగాలి లోపలికి వచ్చి, గదుల్లోని వేడి గాలి మండువా మీదుగా పైకి పోయేది. కొందరి ఇళ్లలో వాసాల కింద చెక్క బల్లలతో అటక కట్టేవారు. ఆ బల్లల నడుమ సందులు, చూరు కింద జాలీ, గోడ పైభాగాన గవాక్షాలు ఉండేవి గనుక అటకలో గాలి నిలవ ఉండేది కాదు.

నేటి మరమ్మతుల్లో ఈ సందులన్నీ వరుసగా మూసుకుపోతున్నాయి. వాన కారకుండా పెంకుల కింద ప్లాస్టిక్ పట్టా పరుస్తున్నారు. ఎలుకలు, పాములు రాకుండా చూరును సిమెంటుతో పూడ్చేస్తున్నారు. కొప్పు పెంకులను సున్నం సిమెంటుతో గట్టిగా బిగిస్తున్నారు. కింద జిప్సం బోర్డు వేస్తున్నారు. ప్రతి పనికీ ఒక సబబైన కారణమే ఉంది. అన్నీ కలిసేసరికి మాత్రం కప్పు కింద మూత పెట్టిన పెనం మిగులుతోంది.

వేడి గాలికి రెండు ద్వారాలు

వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది. పైన బయటికి పోయే మార్గం ఉంటే ఆ ఖాళీని నింపేందుకు కింద నుంచి చల్లటి గాలి వస్తుంది. వాలు కప్పులో గాలి ప్రవేశించే చోటు చూరు. బయటికి పోయే చోటు కొప్పు. ఈ రెంటిలో ఏ ఒక్కటి మూసినా రెండోది నిరుపయోగం. సీసా మూతి ఒక్కటే తెరిచి తలకిందులు చేస్తే నీరు సాఫీగా పడక గుటకలు వేసినట్లే ఇక్కడా జరుగుతుంది.

గాలి ప్రవాహానికి రెండు అంశాలు కీలకం. మొదటిది ద్వారాల వైశాల్యం. అది రెట్టింపైతే ప్రవాహమూ దాదాపు రెట్టింపవుతుంది. రెండోది చూరుకు, కొప్పుకు నడుమ ఉన్న ఎత్తు. ఎత్తు నాలుగు రెట్లు పెరిగితే ప్రవాహం రెండు రెట్లే పెరుగుతుంది. అందువల్ల వాలు తక్కువగా ఉన్న రేకుల కప్పులో గాలి మందకొడిగా కదులుతుంది. అక్కడ దారిని మరింత వెడల్పుగా ఉంచాలి.

చూరు దగ్గరి ద్వారం కొప్పు దగ్గరి ద్వారానికి సమానంగానైనా ఉండాలి. కొంచెం ఎక్కువున్నా మేలే. పైన పెద్ద కన్నం, కింద చిన్న కన్నం ఉంటే కప్పు తనకు కావలసిన గాలిని గదిలో నుంచి లాక్కుంటుంది. సీలింగులోని దీపాల కన్నాలే అప్పుడు దానికి దారి అవుతాయి. ఏసీ గదిలోని చల్లటి గాలి అటకలోకి పోవడం ఇలాగే జరుగుతుంది. అటకలో కరెంటు ఫ్యాను పెట్టినవారికి ఈ నష్టం మరీ ఎక్కువ. చూరు తెరవకుండా ఫ్యాను పెడితే బిల్లు రెండు విధాలుగా పెరుగుతుంది.

ఎంత తెరవాలి?

అమెరికాలో ఫెడరల్ గృహ నిర్మాణ సంస్థ 1942లోనే అటకల గాలి మార్గాలకు ఒక కొలత నిర్దేశించింది. అదే క్రమంగా నేటి నియమావళిగా రూపొందింది. సీలింగు వైశాల్యంలో 150వ వంతు గాలి ద్వారాలకు కేటాయించాలన్నది దాని సారాంశం. చూరు, కొప్పు రెండుచోట్లా సమతూకంగా ఉంచి మరికొన్ని షరతులు పాటిస్తే 300వ వంతు సరిపోతుందని అది చెబుతుంది. వాసాల మధ్య ఉష్ణ నిరోధక పొర వేసినచోట దానికీ పైకప్పుకూ నడుమ కనీసం 25 మి.మీ. ఖాళీ వదలాలన్నది మరో నిబంధన.

ఈ లెక్క చలి దేశంలో పుట్టిందన్న సంగతి మరువరాదు. అక్కడ ఇంట్లోని వెచ్చటి తేమ గాలి పైకి చేరి చల్లటి కప్పుకు తగిలి నీరుగా మారుతుంది. కప్పు మీది మంచు కింది వేడికి కరిగి చూరు దగ్గర మళ్లీ గడ్డకట్టి ఇంట్లోకి నీరు చిమ్ముతుంది. వీటిని నివారించడం వారి ప్రధాన ఉద్దేశం. న్యూజెర్సీలోనో, చికాగోలోనో స్థిరపడిన పిల్లలు పంపే ఇళ్ల నమూనాలను ఇక్కడ యథాతథంగా అనుసరించడం అందుకే తగదు. మన దగ్గర శత్రువు మంచు కాదు, ఎండ. కాబట్టి 150వ వంతును కనీస కొలతగా మాత్రమే తీసుకోవాలి.

ఉదాహరణకు 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల గదిని తీసుకుందాం. సీలింగు వైశాల్యం 30 చదరపు మీటర్లు. అందులో 150వ వంతు 0.2 చదరపు మీటరు, అంటే 2,000 చదరపు సెంటీమీటర్లు. సగం చూరుకు, సగం కొప్పుకు పంచితే చెరో 1,000 చదరపు సెంటీమీటర్లు. రెండు వైపులా చూరు పొడవు కలిపి 12 మీటర్లు. దాని వెంట 8 మి.మీ. సందు వదిలితే లెక్కకు సరిపోతుంది. అయితే సందుకు జాలీ బిగించాలి. జాలీ తీగలు, పేరుకునే దుమ్ము కలిసి గాలి దారిని బాగా తగ్గిస్తాయి. కాబట్టి చూరు దగ్గర 15 నుంచి 20 మి.మీ., కొప్పు దగ్గర 30 మి.మీ. ఖాళీ ఉంచడం మంచిది. ఆరు మీటర్ల గదికి ఇంతకు మించి అక్కర్లేదు. చూపుకు ఆనని ఈ కొద్దిపాటి ఖాళీయే వేసవిలో కప్పును కాపాడుతుంది.

అద్దం అడ్డొస్తే..

వాలు కప్పులో రెండు వాసాల నడుమ ఉన్న ఖాళీ ఒక కాలువ వంటిది. చూరు దగ్గర ప్రవేశించిన గాలి ఆ కాలువ వెంట కొప్పు దాకా వెళుతుంది. మధ్యలో స్కైలైట్ అమర్చినప్పుడు దాని చుట్టూ చెక్కతో చట్రం కడతారు. అద్దం నుంచి సీలింగు దాకా పెట్టె మాదిరిగా పలకలు బిగిస్తారు. దాంతో కాలువకు అడ్డుకట్ట పడుతుంది. అద్దానికి కింది భాగంలో గాలి లోపలికి రాగలదు గానీ పైకి పోలేదు. పై భాగంలో బయటికి పోయే దారి ఉంది గానీ కింద నుంచి గాలి అందదు. రెండు చోట్లా వేడి, తేమ నిలిచిపోతాయి. స్కైలైటు పక్కనే చెక్క ముందుగా పాడవడానికి కారుడు ఒక్కటే కారణం కాదు, ఈ అడ్డుకట్ట కూడా కారణమే.

దీనికి ఉత్తమ పరిష్కారం గాలి దారిని వాసాల మధ్య కాక వాసాల పైన ఏర్పాటు చేయడం. వాసాలపై పలక లేదా పొర పరిచాక, వాలు దిశలో నిలువు రీపర్లు కొట్టాలి. వాటిపై అడ్డంగా పెంకులు ఆనే రీపర్లు కొట్టాలి. అప్పుడు పెంకుల కింద, వాసాల పైన నిరంతరాయంగా ఖాళీ ఏర్పడుతుంది. స్కైలైటు ఉన్నచోట నిలువు రీపర్లను చట్రానికి తాకించకుండా పైన, కింద అయిదేసి సెంటీమీటర్ల దూరంలో ఆపేయాలి. గాలి చట్రం వద్దకు వచ్చి, పక్కకు మళ్లి, పక్క వరుసలోంచి పైకి పోతుంది. ఏటిలో రాయి అడ్డొస్తే నీరు చుట్టూ తిరిగి పోయినట్లే.

పెంకులు విప్పే అవకాశం లేని ఇళ్లలో పక్క వాసానికి కన్నాలు తొలిచి గాలిని మళ్లించవచ్చు. దీనికి ఇంజినీరు సలహా తప్పనిసరి. కన్నం వాసం ఎత్తులో మూడో వంతుకు మించరాదని, పై అంచు కింది అంచుల నుంచి 50 మి.మీ. దూరంలో ఉండాలని అమెరికా గృహ నిర్మాణ నియమావళి చెబుతోంది. ఎత్తు 150 మి.మీ. ఉన్న కోత చెక్క వాసానికైతే సరిగ్గా మధ్యలో మాత్రమే కన్నం పడుతుంది. గోదావరి జిల్లాల పాత ఇళ్లలో తాటి వాసాలు ఎక్కువ. తాటి మానులో బలమంతా వెలుపలి నల్లటి ఈనెల్లోనే ఉంటుంది. లోపలిది మెత్తన. ఇలాంటి వాసాలను తొలవడం, గాడి తీయడం ప్రమాదకరం. అక్కడ రీపర్ల పద్ధతి ఒక్కటే శరణ్యం.

నాలుగు పక్కలా వాలున్న కప్పులోనూ ఇదే చిక్కు ఉంది. మూలవాసం వద్ద ఆగిపోయే పొట్టి వాసాల మధ్య కాలువలు కొప్పును చేరవు. మూలల వెంబడి కూడా గాలి పక్కకు మళ్లే దారి ఉంచాలి.

ఉత్తరం వైపు పెట్టినా మేలో ఎండే

స్కైలైటును ఉత్తరం వైపు వాలులో పెడితే ఎండ పడదని చాలామంది నమ్మకం. ఐరోపా దేశాల్లో ఇది నిజం. మనకు పూర్తిగా వర్తించదు. కోనసీమ సుమారు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అప్పటి నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపునే ఉంటాడు. అంటే మండువేసవిలో ఉత్తరపు వాలు మీదే ఎండ నిటారుగా పడుతుంది.

నిర్మలమైన ఆకాశం ఉన్న రోజున మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకు సుమారు వెయ్యి వాట్ల సౌరశక్తి కప్పును తాకుతుంది. మామూలు అద్దమైతే అందులో సగానికి పైగా గదిలోకి దిగుతుంది. చదరపు మీటరు అద్దం పెట్టుకోవడమంటే మే నెలలో గదిలో చిన్న హీటరు వెలిగించుకోవడమే. వెలుతురుకు అంత అద్దం అవసరం లేదు. రెండు మూడు అద్దం పెంకులు దూరం దూరంగా అమర్చితే మామూలు గదికి పగటి వెలుగు చాలు. పెద్దది కావాలనుకునేవారు నిలువు గోడలో, చూరు నీడ పడే చోట ఎత్తయిన కిటికీ పెట్టుకోవడం శ్రేయస్కరం. తెరుచుకునే స్కైలైటు అమర్చగలిగితే సాయంత్రం వేళ అదే గదికి వేడి గాలి ద్వారమవుతుంది.

రేకుల కప్పులో పాలీకార్బొనేట్ పలక వేసేవారు దాని వ్యాకోచాన్ని దృష్టిలో ఉంచుకోవాలి. మూడు మీటర్ల పలక 40 డిగ్రీల ఉష్ణోగ్రతా భేదానికి దాదాపు 8 మి.మీ. సాగుతుంది. స్క్రూ కన్నాలను స్క్రూ కంటే పెద్దవిగా తొలిచి రబ్బరు వాషరు వేయాలి. లేకుంటే పలక పగిలి కారడం ఖాయం. ఎండను తట్టుకునే పూత ఒకవైపే ఉండే పలకలను ఆ వైపు పైకి వచ్చేలా బిగించాలి.

దీపం కింద చీకటి కాదు.. దీపం పైన సెగ

సీలింగులో దీపం అమర్చడమంటే కన్నం పెట్టడమే. పది సెంటీమీటర్ల వ్యాసం గల దీపం చుట్టూ 3 మి.మీ. సందు ఉందనుకుందాం. ఒక్కో దీపం వద్ద 9 చదరపు సెంటీమీటర్లకు పైగా ఖాళీ. పది దీపాలకు 90 దాటుతుంది. సీలింగులో అరచేయి పట్టేంత కన్నం పెట్టి వదిలేసినదానితో ఇది సమానం. పగలు అటకలోని వేడి, దుమ్ము కిందికి, రాత్రి గదిలోని చల్లదనం పైకి ఈ కన్నాల గుండానే పోతాయి. దీపాల చుట్టూ కనిపించే నల్లటి వలయాలు ఆ గాలి రాకపోకలు మిగిల్చిన దుమ్మే.

దీపాల ఆయుష్షుకూ గాలి దారికీ సంబంధం ఉంది. ఎల్‌ఈడీ దీపం వెలుగును కిందికి పంపుతుంది, వేడిని వెనుక ఉన్న లోహపు రెక్కల ద్వారా పైకి వదులుతుంది. పైన అటక గాలి అప్పటికే 50 డిగ్రీలకు చేరువలో ఉంటే ఆ వేడి ఎటూ పోలేదు. దీపంతో పాటు వచ్చే డ్రైవరులోని కెపాసిటర్ల ఆయుష్షు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన కొద్దీ సగానికి తగ్గుతుందన్నది ఎలక్ట్రానిక్స్ రంగంలో స్థూల సూత్రం. డ్రైవరు డబ్బా మీద అది తట్టుకోగల గరిష్ఠ పరిసర ఉష్ణోగ్రత ముద్రించి ఉందేమో కొనేముందే చూడాలి. వీలైతే డ్రైవర్లను అటకలో కాక గోడలోని పెట్టెలో అమర్చాలి.

పాత హాలోజన్ దీపాలు ఉన్నవారు మరింత అప్రమత్తంగా ఉండాలి. 50 వాట్ల హాలోజన్ బల్బు ఉపరితలం కాగితాన్ని, ఎండుటాకులను అంటించగలంత వేడెక్కుతుంది. అటకలో ఎలుకలు పోగుచేసిన చెత్త, పిచ్చుక గూళ్లు, కొబ్బరి పీచు, థర్మోకోల్ ముక్కలు దానికి తగిలితే నిప్పు అంటుకునే ప్రమాదం పొంచి ఉంటుంది. వీటిని వెంటనే తీయించి ఎల్‌ఈడీలు వేయించుకోవాలి. ఉష్ణ నిరోధక పొరతో కప్పదగినవిగా తయారీదారు పేర్కొనని దీపాలకు, ఆ పొరకు నడుమ 75 మి.మీ. దూరం ఉండాలన్నది అమెరికా విద్యుత్ నియమావళిలోని నిబంధన. మనమూ దానిని పాటించడం క్షేమం. దూరం చెదరకుండా దీపం చుట్టూ లోహపు పెట్టె బిగించవచ్చు.

వాలు సీలింగుకు అన్నింటికన్నా సులువైన మార్గం కన్నాలే లేకుండా చూసుకోవడం. ఉపరితలానికి బిగించే పలుచటి ఎల్‌ఈడీ పలకలు, గోడ దీపాలు, దూలానికి వేలాడే దీపాలు చూపుకూ బాగుంటాయి. తీగ పోయేంత సన్నని రంధ్రం చాలు. దానిని సీలెంటుతో పూడ్చవచ్చు. అటకలోని తీగలన్నీ గొట్టాల్లోనే ఉండాలి. ఎలుకలు తీగల పైతొడుగు కొరికితే కలిగే ముప్పు అందరికీ తెలిసిందే.

ఏసీ ఉంటే లెక్క మారుతుంది

కోస్తా గాలిలో తేమ అధికం. గాలి 30 డిగ్రీల వద్ద 80 శాతం తేమతో ఉంటే, అది 26 డిగ్రీలున్న ఏ ఉపరితలాన్ని తాకినా చెమర్చుతుంది. ఏసీని 22 డిగ్రీల వద్ద పెట్టిన గదికి పైన ఉన్న జిప్సం బోర్డు రాత్రివేళ 24 డిగ్రీలకు దిగడం కష్టమేమీ కాదు. అటకలోకి వచ్చిన తేమ గాలి ఆ బోర్డు పైభాగాన్ని తాకి నీరవుతుంది. వాన పడకుండానే సీలింగు తడవడం, మరకలు కట్టడం వెనుక రహస్యమిదే. కప్పు కారుతోందనుకొని పెంకులు తిప్పించినా మరకలు పోవు.

కాబట్టి ఏసీ గదులవారు రెండు మార్గాల్లో ఏదో ఒకదాన్ని ఎంచుకోవాలి. సీలింగుకు పైన తగినంత మందంగా ఉష్ణ నిరోధక పొర పరచి, దీపాల కన్నాలు సహా అన్ని సందులూ మూసి, ఆపైన అటకలో గాలి ఆడనివ్వడం మొదటిది. వాసాల మీదనే నిరోధక పొర వేసి, కింది ఖాళీని పూర్తిగా మూసి దానిని గదిలో భాగం చేసుకోవడం రెండోది. ఈ రెండో పద్ధతిలో నిరోధక పొరకు దిగువన చూరు సందులు ఉండకూడదు. స్కైలైట్లు, సీలింగు దీపాలు ఎక్కువగా ఉండి గాలి కాలువలు ముక్కలైపోయిన వాలు సీలింగుకు ఇదే అనువైనది. సగం ఆ పద్ధతి, సగం ఈ పద్ధతి కలిపితే రెండు రకాల నష్టాలూ మిగులుతాయి.

గాలి ఒక్కటే చాలదు

అటకలో గాలి బాగా ఆడినా వేడి మొత్తం పోదు. ఎండకు కాగిన రేకు నుంచి సీలింగుకు చేరే వేడిలో అధిక భాగం కిరణాల రూపంలో వస్తుంది. మధ్యన ఉన్న గాలి చల్లగా ఉన్నా ఆ సెగ ఆగదు. మంట పక్కన నిలుచుంటే ముఖానికి తగిలే సెగ వంటిదే ఇది. ముదురు రంగు రేకు మండువేసవిలో 60 డిగ్రీలు దాటుతుంది.

దీనిని అడ్డుకోవడానికి మెరిసే అల్యూమినియం పొర ఉపకరిస్తుంది. అది పనిచేయాలంటే మెరిసే వైపు కనీసం 25 మి.మీ. గాలి ఖాళీ ఉండాలి. రేకుకు, సీలింగుకు అంటించేస్తే ప్రయోజనం శూన్యం. మెరిసే వైపు కిందికి ఉంటే దుమ్ము పట్టదు. అంతకన్నా చవకైనది కప్పుపై తెల్లటి పూత. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన 2023-28 చల్లని పైకప్పుల విధానం వెనుక ఉన్న సూత్రమూ ఎండను తిప్పికొట్టడమే. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు మూడు వేల మందికి పైగా అసువులు బాశారు. 2015లో రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. రాత్రివేళ కూడా చల్లబడని ఇల్లు వృద్ధులకు, పసిపిల్లలకు ముప్పు. కప్పు గురించిన శ్రద్ధను సోకుగా కొట్టిపారేయడం అందుకే సరికాదు.

రేకుల ఇంట్లో ఉండే పేద కుటుంబాలకు ఫాల్స్ సీలింగ్, స్కైలైట్ల ప్రసక్తి లేకపోయినా సూత్రం ఒకటే. ఎదురెదురు గోడల పైభాగాన రెండేసి ఇటుకల ఖాళీ వదిలి జాలీ బిగించుకోవడం, రేకుపై సున్నం పూయడం, రేకు కింద జానెడు ఎడంతో తాటాకు తడికె కట్టడం కొద్ది ఖర్చుతో అయ్యే పనులు. తడికె పొయ్యికి, తీగలకు దూరంగా ఉండాలి. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులకు మాత్రం గాలి కోసం కొత్తగా కన్నాలు తొలవరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు తీరని హాని చేస్తుంది.

తుపాను మాటేమిటి?

కోనసీమ 1996 నవంబరు 6 రాత్రిని, విశాఖ 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్‌ను మరచిపోలేవు. కప్పుకు సందులు పెట్టమంటే తీరవాసులకు భయం కలగడం సహజం. ఈ భయం నిరాధారం కాదు. ఈదురుగాలి కప్పును కిందికి నొక్కడం కంటే పైకి పీకడమే ఎక్కువ. ఆ పీకుడు చూరు, మూలలు, కొప్పు వద్ద అత్యధికం. మనం గాలి ద్వారాలు పెట్టేదీ అక్కడే.

భారత ప్రమాణాల సంస్థ గాలి భారాల నియమావళిలో విశాఖపట్నానికి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తుపాను తాకిడి ప్రాంతాల్లో తక్కువ ఎత్తు ఇళ్ల కోసం 2004లో ఐఎస్ 15498 పేరిట ప్రత్యేక మార్గదర్శకాలూ వెలువడ్డాయి. తీరంలో పనిచేయించేవారు వీటిని ఇంజినీరుతో చర్చించాలి. చూరు సందు చూరు పలక కింద, నేలవైపు తెరుచుకునేలా ఉంటే వాన జల్లు తక్కువగా కొడుతుంది. చూరును గోడ దాటి మరీ ముందుకు చాపరాదు. కొప్పు, చూరు, మూలల పెంకులను రీపర్లకు మరలతోనో, తీగతోనో బిగించాలి. వాసాలను గోడలోని కడ్డీలకు ఇనుప పట్టీలతో కట్టాలి. కొప్పు సందుపై రెండు పక్కలా దిగే రేకు తొడుగు ఉండాలి. తుపాను హెచ్చరిక వెలువడినప్పుడు లోపలి నుంచి మూసుకోగల పలకలు ఏర్పాటు చేసుకుంటే నిశ్చింత. బిగింపు సరిగా ఉన్న కప్పుకు రెండు సెంటీమీటర్ల సందు వల్ల చేటు రాదు. బిగింపు లేని కప్పును సందు మూసినంత మాత్రాన కాపాడలేం.

ఏ పని ముందు?

ఇప్పటికే సీలింగు వేయించుకున్నవారు మొత్తం విప్పనక్కర్లేదు. ఒక దీపం ఊడదీసి టార్చి వేసి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. ఈ పనికి ముందు మెయిను స్విచ్ ఆపాలి. లోపల చూరు వైపు నుంచి వెలుతురు కనిపిస్తోందా, వాసాలు తడిగా ఉన్నాయా, చెత్త పేరుకుందా అన్నది పరిశీలించాలి. ఆపై పనులు ఈ వరుసలో చేయించుకుంటే వృథా ఖర్చు ఉండదు.

* కారుడు ఉంటే ముందు దానిని ఆపాలి. తడి చెక్కకు గాలి మార్గం పెట్టినా ఫలితం ఉండదు.

* హాలోజన్ దీపాలు తీయించాలి. అటకలోని చెత్త, గూళ్లు తొలగించాలి. విద్యుత్ తీగలను తనిఖీ చేయించాలి.

* దీపాలు, ఫ్యాను కొక్కేలు, స్కైలైటు పెట్టె అంచుల వద్ద గది వైపు సందులను మూయాలి.

* ఆ తరవాతే చూరు తెరవాలి. తుప్పు పట్టని 6 మి.మీ. కన్నుల జాలీ బిగిస్తే ఎలుకలు, పాములు, గబ్బిలాలు రావు. సముద్రానికి దగ్గరి ఊళ్లలో స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ మన్నుతుంది.

* చివరగా కొప్పు తెరవాలి. చూరు తెరవకుండా కొప్పు తెరవరాదు. గోడ మధ్యలో మరో కన్నం పెడితే గాలి దగ్గరి దారి వెతుక్కుంటుంది. చూరు దగ్గరి వేడి అక్కడే ఉండిపోతుంది.

* స్కైలైటుకు పైన, కింద గాలి పక్కకు మళ్లే ఏర్పాటును పెంకులు తిప్పించే ఏడాది చేయించుకుంటే కూలీ కలిసివస్తుంది.

* ఏటా వేసవికి ముందు ఒకసారి, వానలకు ముందు మరోసారి జాలీ దుమ్ము దులపాలి.

కొత్తగా కట్టేవారికి ఇదంతా నమూనా గీసే దశలోనే చేసుకోగలిగిన పని. స్కైలైటు ఎక్కడ, దీపాలు ఎక్కడ అని నిర్ణయించే రోజునే గాలి ఎటు వస్తుంది, ఎటు పోతుంది అని వడ్రంగిని, తాపీమేస్త్రీని, ఎలక్ట్రీషియనును ఒకచోట కూర్చోబెట్టి అడగాలి. ముగ్గురూ వేర్వేరు రోజుల్లో వచ్చి ఎవరి పని వారు చేసుకుపోయిన ఇళ్లలోనే దారులు మూసుకుపోతున్నాయి. పెంకు వేసేముందు ఒక రీపరు ఎక్కువ కొట్టడానికి అయ్యే ఖర్చు స్వల్పం. అదే పని పదేళ్ల తరవాత చేయించాలంటే కప్పంతా విప్పాల్సి ఉంటుంది.